నాలుగోసారి

"మళ్ళీ," అన్నాడు ట్రైనర్.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. తలకు టోపీ, దాని మీద ముసుగు, ఒంటికి తెల్ల సూటు, మోకాళ్ళ దాకా బూట్లు, చేతులకు గ్లవ్స్. అన్నీ వరసగా తొడుక్కునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. మొదటిసారి ముసుగులోంచి ఒక వెంట్రుక బయటికి వచ్చిందన్నాడు. ఇది రెండోసారి.

"ఇప్పుడేమైంది సార్?"

"సూటు కాలు నేలకు తగిలిందమ్మా."

"ఎక్కడ?"

ఆయన వంగి చూపించాడు. గోరంత కూడా లేదు.

అది యూనివర్సిటీ క్లీన్‌రూమ్. గాలిని వడకట్టి, దుమ్ము రేణువు కూడా లేకుండా చేసిన గది. చిప్పుల మీద పరిశోధన చేసేవాళ్ళెవరైనా అక్కడికి రావలసిందే. ఆమె కొత్త యూజర్‌గా పేరు రాయించుకుని ఆరు వారాలైంది. ఫారాలు నింపింది. కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలన్నీ విన్నది. రాత పరీక్ష పాసైంది. ఇక మిగిలింది ఈ ట్రైనర్ దగ్గర ప్రాక్టికల్ ఒక్కటే. ఫెలోషిప్ గడువు చూస్తే నాలుగు నెలలు. అద్దం అవతల మెషీన్లు ఆమెకు రోజూ కనిపిస్తున్నాయి, అంతే.

ట్రైనర్‌కి యాభై దాటాయి. నోట్లోంచి మాట రాలడమే గగనం. రాలిన మాట కూడా ఎప్పుడూ ఒకటే కాబట్టి స్టూడెంట్లు ఆయనకు 'మళ్ళీగారు' అని పేరు పెట్టుకున్నారు.

మూడోసారి సూటు వరకు బాగానే గడిచింది. ఆసిడ్ వాడే బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. గిన్నెలో ఉన్నది మామూలు నీళ్ళే, అలవాటు కోసం.

"అసలు ఆసిడ్ కూడా ఇలాగే ఉంటుంది," అన్నాడు. "ఒంటి మీద పడితే వెంటనే మండదు. పడిందని తెలిసేసరికి ఒంట్లోకి ఇంకి ప్రాణం మీదికి వస్తుంది."

ఆమె తలూపి మందపాటి గ్లవ్స్ తొడుక్కుంది.

"మళ్ళీ."

"ఏం తప్పు చేశాను సార్?"

"గ్లవ్‌లో గాలి పట్టి, నొక్కి చూశావా? చిల్లు ఉందో లేదో?"

"ఇప్పుడే విప్పిన ప్యాకెట్ సార్."

"చూశావా?"

"లేదు."

"వచ్చే మంగళవారం రా."

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఇవాళైనా లోపలికి రానిచ్చాడా?"

"లేదమ్మా. తొడుక్కోవడం, విప్పుకోవడం."

"పెళ్ళికూతురి ముస్తాబుకి కూడా ఇంతసేపు పట్టదే. తిన్నావా?"

తినలేదు. ఓపిక లేదు.

మర్నాడు తన పీహెచ్‌డీ గైడ్ గదికి వెళ్ళి ఉన్నదంతా కక్కేసింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తొమ్మిదేళ్ళ కిందట ఒక కుర్రాడు పోయాడమ్మా. కొత్త యూజర్. పని మొదలుపెట్టి వారం కూడా కాలేదు. గ్లవ్‌కి చిల్లుంది. చూసుకోలేదు. గదిలో తోడు ఎవరూ లేరు."

ఆమె అడిగింది.

"అతనికి ట్రైనింగ్ ఇచ్చిందెవరు?"

"ఆయనే," అన్నాడు గైడ్. క్లాసుకి వేళైందని లేచాడు.

అదా సంగతి అనుకుందామె. ఒకసారి చెయ్యి కాలింది. ఉద్యోగం ఊడకుండా ఉండాలని ఇప్పుడు అందరినీ కాల్చుకు తింటున్నాడు. జాలి కలగాలి గాని, ఆరు వారాల అలసట ఆమెను అంతదాకా వెళ్ళనివ్వలేదు.

మంగళవారం వచ్చింది. ఆమె ఏమీ ఆశ పెట్టుకోలేదు. తొందరపడలేదు కూడా. ఒక్కొక్కటీ తొడుక్కుంది. బల్ల దగ్గర గ్లవ్ తీసుకుని, గాలి పట్టి, మొదలు మెలిపెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది. రెండోది కూడా చూసింది. ట్రైనర్ ఆ రెండూ ఆమె చేతిలోంచి తీసుకుని, తనూ నొక్కి చూసి ఇచ్చాడు. ఆమె నీళ్ళగిన్నెలో చిప్పును ముంచి తీసింది. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే పాసవడమని ఆమెకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది.

బయటి గదిలో ఇద్దరూ బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు.

"సార్, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ అబ్బాయి తరఫు వాళ్ళు మీ మీద కేసు పెట్టలేదా?"

బూటు జిప్పు మీద ఆయన చెయ్యి ఆగింది.

"లేదు."

"ఏమీ అనలేదా?"

"వాళ్ళమ్మ ఏమీ అనలేదు. అసలు మాట్లాడటమే మానేసింది."

"మీరు వెళ్ళి కలవాల్సింది సార్."

"కలుస్తూనే ఉంటాను," అన్నాడాయన. రెండో బూటు కూడా విప్పి, రెండింటినీ జాగ్రత్తగా అరలో పెట్టాడు. ఫారం తీసి పై నుంచి కింద దాకా రెండుసార్లు చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు.

"ఒక్కదానివే ఎప్పుడూ లోపలికి వెళ్ళకు," అన్నాడు. వాచీ చూసుకుని తర్వాతి కొత్త యూజర్‌ని పిలిచాడు.

ఆమె ఫారం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. క్లర్కు అది అందుకుని ఫోటో అతికించి, కార్డు మెషీన్‌లో పెట్టింది. ఆవిడ ఆ సీటులో పదిహేనేళ్ళుగా ఉంది.

"ఎన్నోసారికి?" అంది తలెత్తకుండానే.

"నాలుగు."

"నయమే. ఆరుసార్లు తిరిగినవాళ్ళున్నారు."

కార్డు వేడిగా బయటికి వచ్చింది. అందుకుంటూ ఆమె అడిగింది.

"మేడం, ఆ పోయిన అబ్బాయిని సార్ ఎన్నిసార్లు తిప్పారు?"

"ఒక్కసారి కూడా లేదమ్మా," అంది క్లర్కు మెషీన్ మూత వేస్తూ, "కన్నకొడుకు కదా, చూసీచూడనట్టు సంతకం పెట్టేశారు."