రోల్ నంబర్ 212

లాప్‌టాప్ ముందు ఒక్కడే కూర్చుని అతను పకపకా నవ్వాడు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె చెయ్యి ఆగింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ నవ్వు ఎన్నిసార్లు వినబడిందో చెప్పడానికి ఒక చేతి వేళ్ళు చాలు. అందులో మూడు ఈ నెలవే.

"మళ్ళీ అదేనా?" అంది అక్కణ్ణుంచే.

"ఏది?"

"ఇంకేది, మీ రెండొందల పన్నెండు."

అతను ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతాడు. ఇంటి ముందుగదే కాలేజీ. ఏడాదంతా చెప్పినా విద్యార్థుల పేర్లు తెలియవు, ముఖాలు అసలే తెలియవు. పేరు తెలిస్తే మార్కులు వేసే చెయ్యి అటో ఇటో వాలుతుందని యూనివర్సిటీ భయం. సందేహం అడిగినా, పరీక్ష రాసినా రోల్ నంబర్‌తోనే. ముఖం కనిపించేది చివర్లో ఒక్కసారి, వైవాలో. ఆరోజు కెమెరా ఆన్ చేసి, గుర్తింపు కార్డు చూపించి, ఎవరు రాసిన ప్రోగ్రాం వాళ్ళు వివరించాలి.

ఆ వైవా రేపే.

"ఫైనల్ పేపర్లు దిద్దుతున్నా. కోడ్ పక్కన ఏం రాసిందో విను. 'ఈ లూపు మా అత్తగారిలాంటిది. ఎవరో ఒకరు ఆపితే తప్ప తనంతట తను ఆగదు.'" కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "భలే పోల్చింది కదూ!"

"అదే మాట మీ అమ్మ గురించి నేనంటే మూడ్రోజులు మాట్లాడరు."

"దానికీ దీనికీ సంబంధం ఏంటే?"

ఆమె మళ్ళీ కత్తి అందుకుంది. మిగతా కసి ఉల్లిపాయ మీద తీర్చుకుంది.

ఒళ్ళు మండదా మరి? మొన్న ఫోన్లో ఏదో సెట్టింగ్ ఎలా మార్చాలో చెప్పమంటే, "ఇటివ్వు, నీకర్థం కాదులే" అని లాక్కుని, ఆమె ముఖం వైపైనా చూడకుండా మార్చి చేతిలో పెట్టాడు. అదేరోజు 212 అడిగిన ఒక చిన్న సందేహానికి పదకొండు వాక్యాల జవాబు. మొదటి వాక్యం, 'మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న.'

ఆ పదకొండు వాక్యాలూ ఆమెకు కంఠతా వచ్చు. మూడుచోట్ల 'మీరు'. ఒకచోట 'దయచేసి'. ఈ ఇంట్లో 'దయచేసి' అన్న మాట వినబడిందంటే అది ఫోన్లో రికార్డు చేసిన గొంతే అయ్యుండాలి.

సాయంత్రం అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఇరవైమందికి వైవా. ఇస్త్రీ మాత్రం ఒక్కరి కోసం."

"పరీక్షలన్నాక కాస్త పద్ధతిగా ఉండొద్దూ?"

"కిందటిసారి కెమెరా పాడైందని అబద్ధమాడి బనియన్ మీదే కానిచ్చేశారుగా."

అతను కాలర్ మీద నీళ్ళు చిలకరించాడు. వినబడనట్టు నటించడంలో అతనికి మంచి అనుభవం.

"అయినా ఆడమనిషేనని ఏంటంత నమ్మకం? అత్తగార్లు అల్లుళ్ళకీ ఉంటారు."

"మొన్నొకసారి సందేహం అడుగుతూ అడుగుతూ మధ్యలో, 'మా ఆయన పిలుస్తున్నారు, ఉంటాను' అని రాసింది." ఇస్త్రీపెట్టె కాసేపు గాల్లోనే ఆగింది. "ఎవడో గానీ అదృష్టవంతుడు. ఆ సంగతి వాడికి తెలుసో లేదో."

ఆమె గుమ్మం వదిలి ఒకడుగు లోపలికి వేసింది. ఆ మాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన ముఖం చూసి అనుంటే ఏం పోయేది?

"రాకపోతే?" అంది.

"ఆఁ?"

"రేపు వైవాకి రాకపోతే ఏమవుతుంది?"

"ఫెయిలవుతుంది. నలభై మార్కులు దానికే. ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే."

"రాదులెండి. కెమెరా ముందుకొచ్చేంత ధైర్యం లేదు దానికి."

"ఆవిడ గురించి నీకేం తెలుసు?"

"ఆవిడా? అబ్బో. నన్నేమో పిల్లిని పిలిచినట్టు పిలుస్తారు."

"వస్తుంది," అన్నాడు అతను చొక్కాతోనే మాట్లాడుతున్నట్టు. "రావాలి."

ఆ 'రావాలి' ఆమెకి సూదిలా దిగింది. రేపటితో ఈ 212 పీడ వదిలిపోతే బాగుండుననుకుంది.

పొద్దున తొమ్మిదికి వైవా మొదలైంది. పదిన్నరకి అతను నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వచ్చాడు.

"ఏడుగురయ్యారు. ఒకడైతే తన కోడ్‌ని పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూస్తున్నాడు, మొదటిసారి."

ఆమె నవ్వలేదు. "దాని వంతెప్పుడు?"

"పదకొండుకి."

ఫ్రిజ్ తలుపులో ముఖం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి. ఆ ఫ్రిజ్ వయసు ఎనిమిదేళ్ళు. దాంట్లో అతను ముఖం చూసుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కాసేపు ఇటువైపు రాకు. గిన్నెలూ గట్రా చప్పుడు చెయ్యకు. పాపం, మొదటిసారి మాట్లాడుతుంది, భయపడుతుందేమో."

"దాని భయం గురించి మీకెందుకంత బెంగ?"

"అబ్బా, నువ్వు లోపలికెళ్ళి ఓ గంట పడుకో."

ముందుగది తలుపు ఆమె ముఖం మీదే మూసుకుంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. అతను గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

గోడ గడియారంలో పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. ఆమె చేతులు తుడుచుకుంది. ఆ మూసిన తలుపు వైపు కాసేపు కళ్ళార్పకుండా చూసింది.

తర్వాత పడకగదిలోకి వెళ్ళి గడియ పెట్టి, అల్మరాలో బట్టల అడుగు నుంచి పాత లాప్‌టాప్ తీసి, గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని, రోల్ నంబర్ 212గా కెమెరా ముందు కూర్చుంది.