ఐదుచోట్ల ఉన్న మాట

పెద్దకోడలు చక్కెర డబ్బాకి చీటీ అంటించి, దాని మీద పేరూ పోసిన తేదీ రాసింది. చివర అలవాటుగా చిన్న ఆకు గీసింది.

"ఉప్పుకీ చక్కెరకీ తేడా నాలుక్కి తెలీదా? దానికి తేదీ ఒకటి, పైన ఆకొకటి," అంది అత్తగారు ఖాళీ డబ్బా తుడుస్తూ.

"చీటీ లేని సిరంజి ఉంటే మేం పారేస్తాం అత్తయ్యా. ఆకంటారా, చిన్నప్పట్నుంచీ ఏం రాసినా చెయ్యి ఊరుకోదు."

ఆమె మత్తు డాక్టరు. ఆమె మరిదీ అదే చదువు చదివి, ఏడాదిగా అదే ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. షూ లేసు కట్టుకుని వచ్చి ఫోను ముందుకు చాపాడు.

"నిన్న సాయంత్రం ఈ చార్టు ఆపరేషన్ థియేటర్ గోడకి అంటించాను వదినా. పిల్లలకి ఏ మందు ఎంతో ఒక్క చూపులో తెలిసిపోతుంది. హెడ్డుగారు కూడా మెచ్చుకున్నారు."

ఆమె చూపు నాలుగో వరస దగ్గర ఆగింది.

"ఇదెక్కడిది?"

"నెట్‌లోది."

"నెట్ అంటే మనిషి కాదుగా. రాసిందెవరు? ఎప్పుడు?"

అతను ఆ చార్టు దొరికిన వీడియో తెరిచి చూపించాడు.

"ఈ నాలుగో వరసలో మందు కిలో బరువుకి రెండు మిల్లీగ్రాములని ఉంది. మన మత్తు డాక్టర్ల సంఘం పేజీలో ఒకటే. తొమ్మిదింటికి మూడేళ్ళ పాప ఆపరేషన్. ఇది గోడ మీద ఉండకూడదు."

"సంఘం పేజీ ఎవరు చూస్తారు? ఈ వీడియో నాలుగు లక్షలమంది చూశారు. ఒక్కచోట కాదు, ఐదుచోట్ల రెండనే ఉంది. ఐదుగురూ తప్పు, నువ్వొక్కదానివే ఒప్పా?" అతని మొహం ఎర్రబడింది. "తప్పని తేల్చు. నా చేత్తో నేనే పీకేస్తాను."

"సరే, కూర్చో. ఇంకా గంటన్నర ఉంది."

ఆమె డబ్బాలు పక్కకి జరిపి, అతని ఫోనులో ఆ ఐదుచోట్లూ ఒకటొకటిగా తెరిచింది. వీడియోలో గొంతే తప్ప పేరు లేదు. దాని కింద ఒక వెబ్‌సైట్ లింకు. ఆ వెబ్‌సైట్‌లో తేదీ లేదు, మరో పేజీ లింకుంది. అక్కణ్ణుంచి ఇంకోచోటికి.

"ఏడో వరస చూడు. ఐదింట్లోనూ రెండేసిసార్లు ఉంది. పుస్తకం చూసి రాసినవాళ్ళయితే అందరూ అదేచోట తప్పరు. ఇది ఒకరిది చూసి ఒకరు దించింది."

"అంటే ఒకరి మాటని ఐదుగురు మోశారన్నమాట," అంది అత్తగారు. "గొర్రెదాటు. మా వీధిలో పుకార్లకి కూడా ఇంతకంటే మంచి సాక్ష్యాలుంటాయి."

మరిది నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ఒక్కరూ దొరకాలి," అంది ఆమె.

"దొరికితే?"

"అడుగుతాను. పసిపిల్లల ప్రాణాలతో పని కదా, తెలియనిది రాయడానికి చెయ్యెలా వచ్చిందని."

ఆఖరి లింకు మెల్లగా తెరుచుకుంది. ఏ కాలేజీ పిల్లలో ఒకరికొకరు పంచుకున్న పాత నోట్సు అది. గీతల కాగితం మీద హడావిడిగా చేత్తో రాసిన పట్టిక. పేరు లేదు, తేదీ లేదు. ఏడో వరస రెండుసార్లు ఉంది. నాలుగో వరసలో రెండు. ఆ రెండు పక్కనే పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం.

"అయ్యో," అన్నాడు మరిది. "రాసినవాళ్ళకి అనుమానం ఉంది వదినా. తర్వాత చూసుకుందామనుకుని ఉంటారు. దించినవాళ్ళు ఆ అనుమానాన్ని మాత్రం దించలేదు."

ఆమె కాగితం చివరిదాకా చూసి, ఫోను బల్లమీద పెట్టింది. సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"వదినా, ఆగు. పీకాల్సింది నేను కదా!"

గేటు చప్పుడైంది. అతను వెనకే పరుగెత్తాడు.

"ఇంతలో ఏం కనబడింది దీనికి?" అనుకుంటూ అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీసింది. కాగితం అడుగుదాకా జరిపింది. తర్వాత మెల్లగా చక్కెర డబ్బాని దగ్గరికి లాక్కుని, ఫోను పక్కన పెట్టి చూసింది.

రెండింటి మీదా అదే ఆకు.