ముందే పడ్డ బొమ్మ

“ఈ బొమ్మ తీసిందెవరు?”

సావో పాలో ఫిల్మ్ క్లబ్బులో మధ్యాహ్నం ఆట అప్పుడే ముగిసింది. చివరి వరుసలోంచి నల్లబట్టల ముసలావిడ లేచి నిలబడింది. తెర పక్కనున్న దర్శకుడు జెనేజియో అలవాటుగా నవ్వాడు.

“సినిమా మొత్తం నేనే తీశానమ్మా.”

“మొత్తం సంగతి కాదు. హీరో ఏడుస్తుంటే అతని ముఖం మీద ఎవరో అమ్మాయి తేలుతుందే, గోడకానుకుని నవ్వుతూ... అది.”

అందరూ మెచ్చుకున్నది ఆ అమ్మాయినే. జెనేజియో అంతకుముందు తీసిన ఏడు సినిమాలకీ జనం సగంలోనే లేచిపోయారు. ఈ ఎనిమిదోదాన్ని మాత్రం యూరప్‌లో చిత్రోత్సవానికి పిలిచారు.

“అదీ నేనే. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీశాను. ప్రయోగం.”

ఈ మాట అన్నప్పుడల్లా ఆ అమ్మాయి తన వెనకే నిలబడి వింటున్నట్టుండేది అతనికి. ఆరు నెలలుగా కంటి నిండా నిద్ర లేదు. ఇప్పుడూ మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టయింది.

“కెమెరా మీ చేతుల్లోనే ఉందా? ఎక్కడ? ఏ రోజున?” ముసలావిడ తెర దాకా వచ్చేసింది. “నా పేరు అర్లిందా. నాలుగేళ్లుగా పోలీసు స్టేషన్లూ, ఆసుపత్రులూ, శవాల గదులూ తిరుగుతున్నాను.”

హాలు బిగుసుకుపోయింది. దేశాన్ని సైన్యం ఏలుతూ, అది పట్టుకుపోయి మాయం చేసినవాళ్ల ఊసు ఎవరూ పైకెత్తని రోజులవి. ఇద్దరు ముగ్గురు టోపీలు తీసుకుని మెల్లగా జారుకున్నారు.

ఎడిటర్ ఇవోని అతని చొక్కా పట్టి లాగింది. “నోరు జారకు. వచ్చే వారం విమానం ఎక్కాలి. ఇన్నేళ్లకి నిన్నొకడు దర్శకుడన్నాడు, చెడగొట్టుకోకు!”

“ఆవిడ కళ్లు చూడు ఇవోనీ. ఇంక నా వల్ల కాదు.”

అతను ముసలావిడ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“అబద్ధం చెప్పానమ్మా. తీసింది నేను కాదు. కొత్త ఫిల్ము కొనలేక తుక్కు కొట్లో పాత డబ్బాలు తెచ్చుకున్నాను. అందులో ఒకదాని మీద ఎవరో ముందే తీసేశారు. కడిగి చూస్తే మా బొమ్మలో ఆ అమ్మాయి కూడా కలిసొచ్చింది. నా గొప్పేనని ఊరంతా చెప్పుకు తిరిగాను. మీ అమ్మాయి ఎక్కడుందో, దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు.”

“దొంగ! వీణ్ణా మనం పొగిడింది?” వెనక నుంచి ఎవరో అరిచారు. ఇవోని తల పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

అర్లిందా అతని తల నిమిరింది.

“ఆ పిల్లెవరో నాకూ తెలీదు నాయనా. ఆమె పక్కన గోడ మీద, తీస్తున్నవాడి నీడ పడింది, ఒక భుజం కిందికి వాలిపోయి... ఆ భుజం నేనెరుగుదును. ఆ కెమెరా పట్టుకున్నవాడు నా కొడుకు.”