నిదానంగా పోయిన బస్సు

"ఏమ్మా, బస్సు జోరుగా పోయిందా, నిదానంగా పోయిందా? ఒక్క మాటలో చెప్పు!"

సర్కారు ప్లీడరు అరుపుకు సాక్షి బోనులో ఉన్న శేషమ్మ బోను కమ్మీ గట్టిగా పట్టుకుంది. పులివెందులలో బట్టల అంగడి కొండయ్య భార్య ఆమె. పుట్టి బుద్ధెరిగి కోర్టు గడప తొక్కలేదు. ఎదురుగా ముద్దాయి బోనులో బస్సు డ్రైవరు నబీ రసూల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సు గంటకు ముప్పై మైళ్లకు మించి తోలాడని కేసు. నేరం రుజువైతే ఈసారి లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే కూడు పోతుంది. అతని పెళ్లాం దిల్షాద్‌బీ చంకలో బిడ్డతో జమ్మలమడుగు కోర్టు వాకిట్లో పొద్దున్నుంచీ కూర్చునే ఉంది.

శేషమ్మ రసూల్ వైపు చెయ్యి చూపింది. "ఆ మాట అతన్నే అడగరాదా సామీ? తోలింది అతనే గదా!"

అందరూ నవ్వారు. మేజిస్ట్రేటు గురురాజారావు నవ్వాపుకున్నాడు.

"అతన్ని అడగకూడదమ్మా. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదని రాజ్యాంగంలో రాసుకున్నాం. అతను నోరు విప్పకపోయినా తప్పు లేదు."

"మరి నేను?"

"మీరు సాక్షి. మీరు చెప్పి తీరాలి."

సర్కారు ప్లీడరు ఒక కాగితం పైకెత్తాడు. "అతను స్టేషన్లో ఒప్పుకున్నాడు సార్. నలబై అయిదు మైళ్ల మీద తోలినానని చెప్పి వేలిముద్ర వేసినాడు!"

"వేసినాడా, వేయించుకున్యారా?" రసూల్ ప్లీడరు అశ్వత్థనారాయణ లేచాడు. "పోలీసుల ముందర ఒప్పుకున్యానన్నది చెల్లదు సార్. ఇంక వీళ్ల గడియారం సంగతి చూడండి. రెండు ఫర్లాంగు రాళ్ల కాడ ఇద్దరు పోలీసు జవాన్లు నిలబడుకున్యారంట. ఒకడు తువ్వాల ఊపితే ఇంకొకడు టైము చూసినాడంట. ఆ గడియారానికి సెకన్ల ముల్లే ల్యా! అదే దావలో కంట్రాక్టరు లారీలు దుమ్ము లేపుకుంటా పోతాంటే, ఆ తువ్వాల యాడ దాచిపెట్టినారో!"

మేజిస్ట్రేటు కాగితాన్నీ గడియారాన్నీ పక్కన పెట్టేశాడు. "ఇక మిగిలింది ఈమె మాటే," అన్నాడు.

శేషమ్మకు ఆ రోజు కళ్ల ముందు మెదిలింది. తొండూరు కాడ టైరు పంచరై అరగంట పోయింది. ముద్దనూరు స్టేషనులో ఆగే మెయిలు రైల్లో చెల్లెలు శాంతకుమారిని మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు; రైలు కదిలేలోగా చెల్లెల్ని ఒక్కసారి చూడాలని శేషమ్మ బస్సెక్కింది. "రసూలూ, నా చెల్లెల్ని మళ్లీ చూస్తానో లేదో నాయనా," అని శేషమ్మ బస్సులోనే ఏడ్చింది. "ఏడవొద్దమ్మా, రైలు తప్పితే మా ఓనరు నన్నూ బతకనీడు. గట్టిగా పట్టుకోండి," అన్నాడు రసూల్. మూటలు ఎగిరి ఒళ్లో పడ్డాయి. బస్సు స్టేషను ముందు ఆగేసరికి ఆమెకు కనబడింది వెళ్లిపోతున్న రైలు చివర గార్డు జెండా ఒక్కటే. చెల్లెలు మద్రాసు నుంచి తిరిగి రాలేదు.

తన కోసం అంత పరుగు తీసిన మనిషిని తన నోటితోనే ముంచేదా?

"నిదానంగానే పోయింది సామీ," అంది.

"ఎంత నిదానంగా?"

"నడిచిపోయేటోళ్లు మమ్మల్ని దాటుకోని పోయినారు."

మళ్లీ నవ్వులు. సర్కారు ప్లీడరు ముఖం ఎర్రబడింది.

"రైలుకు పోయే బస్సమ్మా అది! రైలు అందుకోవల్లని తోలడా ఏంది?"

"అతనికేం తొందర? రైలు పోతే నాకు పాయ, అతనికేం పాయ! నోట్లో వక్కాకు పెట్టుకోని, తీరిగ్గా, పెండ్లికి పోయినట్టు తోలినాడు."

రసూల్ చటుక్కున తలెత్తి ఆమె వైపు చూశాడు. సంతోషం పట్టలేక చూశాడనుకుంది శేషమ్మ. ఆమె గుండె మాత్రం బరువెక్కింది. దేవుని మీద ప్రమాణం చేసి, ఇంత మంచివాణ్ణి సోమరిపోతును చేసింది. పోనీ, పాపం తనది, కూడు వాళ్లది.

కేసు కొట్టేశారు.

మెట్ల మీద దిల్షాద్‌బీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నా పిల్లోళ్ల నోటికాడి కూడు నిలబెట్నావు తల్లీ."

"నీ మొగుడు నాకు చేసిందాని ముందర ఇదెంత మే!" అంది శేషమ్మ. కోర్టుకు వచ్చాక మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టయింది ఆమెకు.

రసూల్ మాత్రం రోడ్డు మీద ఆగిన ఓనరు కారు వైపే చూస్తున్నాడు. అందులోంచి బస్సు ఆఫీసు గుమాస్తా సీతాపతి దిగి వచ్చాడు. చేతిలో కాగితం, దాని మీద ఇంకా ఆరని సంతకం.

"కోర్టులో జరిగిందంతా విన్యాడప్పా ఓనరు. నన్ను తిట్టుకోవద్దు, నేను రాసేటోణ్ణే," అని కాగితం రసూల్ చేతిలో పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

రసూల్ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి శేషమ్మకు ఇచ్చాడు. "నాకు చదువు రాదు. నువ్వే చదివి చెప్పమ్మా."

శేషమ్మ ఎవరి దగ్గరా చదువుకోలేదు. అంగడిలో పొట్లం కాగితాలు చూసి చూసి నేర్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అందరికీ వినబడేలా గట్టిగా చదవసాగింది:

"ముద్దనూరు రైలు అందించుటకు చేతనైనంత జోరుగా తోలితినని నీవు చెప్పుకొనిన సంజాయిషీ అబద్ధమని, బుద్ధిపూర్వకంగా తీరికగా తోలితివని, శేషమ్మ అను ప్రయాణికురాలు ఈ దినం కోర్టులో ప్రమాణం చేసి చెప్పినందున, నిన్ను పనిలోనుంచి తీసివేయడమైనది."