అక్క ఉన్న వైపు

"లెక్క చూడండి మహాప్రభో! అక్కయ్యను కాదు, లెక్కను చూడండి!" అంది భార్య.

మిషన్ల హోరులో ఆమె ఎంత అరిచినా గొణిగినట్టే ఉంది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి ఈ మిషన్లు కొన్నాడు. కాపురం షెడ్డు వెనక గదిలోకి మార్చాడు. మిషన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. లెక్కలు చేసే బోర్డులు కొన్ని, అవి కాలిపోకుండా గాలి కొట్టే ఫ్యాన్లు కొన్ని. పగలూ రాత్రీ లెక్కలు చేస్తే కూలిగా కంప్యూటరు నాణేలు రాలుతాయి. షెడ్డు అక్కది, ఇంకొందరు కూడా అందులో తమ మిషన్లు వరసలుగా పెట్టుకున్నారు. ఎదురు వరసలో ఉన్నవి ఆవిడ మిషన్లే, ఇతనికున్నవాటికి మూడింతలు. నాన్న పోయాక తమ్ముణ్ని చదివించిందీ, పెళ్లి చేసిందీ, ఈ వ్యాపారంలోకి దింపిందీ ఆవిడే.

ఇప్పుడు ఆ నాణెం దగ్గర కుంపటి రాజుకుంది. రూలు మార్చాలని సగం మంది, చచ్చినా మార్చనివ్వమని సగం మంది. ఆదివారం మధ్యాహ్నం నాణెం పాత రూలుది ఒకటి, కొత్త రూలుది ఒకటిగా చీలుతుంది. ఎటు మిషన్లు ఎక్కువుంటే ఆ నాణెం బతుకుతుంది, రెండోది చిత్తుకాగితం. అలాగని అందరూ ఒకవైపే ఎగబడితే లాభం లేదు. కుండలో కూడు అంతే, తినేవాళ్లు పెరిగితే ముద్ద చిన్నదవుతుంది. అందుకే కొత్త రూలువాళ్లు ఓ మెలిక పెట్టారు. ఆదివారం మధ్యాహ్నంలోగా ఖాతా తెరిచినవాళ్లే తమవాళ్లు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కొత్త ఖాతా ఇవ్వరు.

"కొత్తదే గెలుస్తుందని అందరూ అంటున్నారు. ఈ పూటే చేరిపోదాం," అంది భార్య.

"అక్క పాతవైపే ఉంటానంది."

"ఆవిడ నూతిలో దూకమంటే దూకుతారా?"

"దూకుతాను."

భార్య నెత్తి కొట్టుకుంది. ఈ మనిషితో వాదించే కంటే గోడతో చెప్పుకోవడం నయమనుకుని ఇంకో సంగతి ఎత్తుకుంది.

"అది సరే. వదిన మిషన్ల వెనకాల బట్టలు ఆరవేంటండీ? మన వెనకాల వేస్తే గంటలో పెళపెళలాడుతున్నాయి. అటు వేసిన దుప్పటి పొద్దుట్నుంచీ చెమ్మగానే ఉంది."

"కొంపలంటుకుంటుంటే నీకు దుప్పటి గోలా?" అని కసిరాడు.

కసిరాడే గానీ, భయం అతనికీ ఉంది. ఇది పోతే ఇంకేమీ లేదు. సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"నువ్వు మారిపోరా," అంది అక్క, అతను నోరు తెరవకముందే. "నీకు పెళ్లాం ఉంది, రేపు పిల్లలు పుడతారు. నేను ఒంటిదాన్ని, మునిగినా అడిగేవాడు లేడు. నన్ను నమ్మి ఇక్కడ వరసలు పెట్టుకున్నవాళ్లకు పాతవైపే ఉంటానని మాటిచ్చాను. నేను తప్పలేను."

"నిన్నొక్కదాన్నీ వదిలేసి పోతానా అక్కా? ఏం మాటలవి?"

"వెళ్లరా పిచ్చి సన్నాసీ!" అంటూ కళ్లు తుడుచుకుంది అక్క.

ఆ కళ్లు చూశాక అతని లెక్కలన్నీ గాలికి పోయాయి.

ఆదివారం మధ్యాహ్నం వరసలవాళ్లంతా షెడ్డులో గుమిగూడారు. అందరి చూపూ అక్క వరస మీదే. అది తమ్ముడి వరసను మించి హోరెత్తుతోంది. ఆ మోత వింటుంటే అతనికి ఒళ్లు పులకరించింది. ఎవరూ మిషన్ కదపలేదు. గడువు దాటింది. కొత్తవాళ్ల తలుపు మూసుకుంది.

సాయంత్రానికే పాత నాణెం పాతాళానికి జారింది. మర్నాటికి ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునేవాడు లేడు. కరెంటు దండగని ఒక్కొక్కరే మిషన్లు ఆపేశారు. అక్క కూడా తన వరస ఆపేసి, తలుపు దగ్గర కూలబడింది.

"చూశారా! మీ అక్కయ్యే మన కొంప ముంచింది!" అని భార్య గొంతు చించుకుంది.

పెళ్లయ్యాక మొదటిసారి అతను ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు.

"మనకు పోయినదానికి మూడింతలు పోయింది ఆవిడకి! మాటకోసం నిలబడి పోగొట్టుకుంది. వెళ్లి క్షమించమని అడుగు."

ఆమె చెంప పట్టుకుని, ఏడుస్తూనే వెళ్లింది. "తప్పయిపోయింది వదినా," అంది. అక్క ఆమెను దగ్గరకు తీసుకుని వీపు నిమిరింది.

"పోనీలే అమ్మాయ్. కడుపుమంట అలాగే మాట్లాడిస్తుంది."

తమ్ముడు అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నా మిషన్లు కూడా నువ్వే తీసుకో అక్కా. నా ఖాతా ఎలాగూ చచ్చింది, నా దగ్గరుంటే తుక్కే. నువ్వు అమ్ముకుంటే నీ నష్టంలో కాస్తయినా పూడుతుంది. నీ రుణం ఇంకెలా తీర్చుకోను?"

అక్క వద్దంది. మళ్లీ వద్దంది. మూడోసారి బతిమాలాక లారీ పిలిపించింది.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి తమ మిషన్లను పసిపిల్లల్లా చేతుల మీద మోసుకెళ్లి ఎక్కించారు. చివర్లో అతను అక్క వరస మీద చెయ్యి వేయబోతే ఆవిడ వారించింది.

"అవి ఉండనీరా. అలిసిపోయావు, ఇంత ముద్ద తిని పడుకో."

లారీ తిన్నగా ఊరవతల అక్క అద్దెకు తీసుకున్న ఇంకో షెడ్డుకు వెళ్లింది. ఆవిడ బోర్డులన్నీ ఆదివారానికి ముందే అక్కడ కొత్త రూలు వైపు చేరిపోయాయి, తమ్ముడి ఎదురుగా ఇన్నాళ్లూ హోరెత్తినవి వట్టి ఫ్యాన్లు.