మేకల సారు

ఆరు మేకల మెడలకూ కత్తిగాట్లు పెట్టి, పసరు పిండి, సారు మెచ్చుకుంటాడని జంపక్క ఎదురుచూస్తూ కూర్చుంది.

సారు పేరు వెంకటరామారావు. ఏన్కూరు దాటాక అడవి అంచు పల్లెలో కొట్టం కిరాయికి తీసుకుని, మేకలతో ఒక్కడే ఉండేవాడు. వాటిని అమ్మడు, కొయ్యడు. పొద్దున్నే మెడ కింద తడిమి, గుండెకు చెవి ఆనించి వినేవాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుందని ఊరు నవ్వుకునేది.

మేకలు కాసే జంపక్కకు మాత్రం ఆయనంటే జాలి. ఆమెకూ పలకరించే దిక్కులేదు. మొగుడు పోయాడు. ఉన్నదల్లా చంటిపిల్ల ముత్తక్క. పాలు తాగుతూనే రొప్పి, చెమటలు పట్టి, రొమ్ము వదిలేసే పిల్ల.

"మందేమన్న ఉన్నదా సారూ?"

సారు చాలాసేపు పిల్లనే చూసేవాడు.

"కొంచెం ఓపిక పట్టు, జంపక్కా."

ఆ రోజు సారు ఖమ్మం వెళ్లాడు. ఒక మేక మెడను గుంజకు రుద్దుతుంటే జంపక్క తడిమి చూసింది. తోలు కింద గట్టి బొడిపె. తక్కినవాటికీ అంతే. వేటగాళ్ల తుపాకీ గుండ్లనుకుంది. పాపం, తీయడం చేతకాకే సారు రోజూ తడుముతున్నాడనుకుంది.

కోస్తే గుండీ లాంటి బిళ్ళలు, వాటికి సన్నని తీగలు. లాగి తెంపి, ఒక ఆకులో పెట్టింది.

సారు వచ్చి ఆకులోని బిళ్ళల ముందు కూలబడ్డాడు.

"ఎవరు తీశారు?"

"నేనే. నోరులేని జీవాలు, నొస్తది గద సారూ."

ఆయన తిట్టలేదు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఇక నాకే ఓపిక లేదు. మేకలు నువ్వే ఉంచుకో."

తెల్లారి బస్సెక్కి వెళ్లిపోయాడు.

వానాకాలానికి పిల్ల చిక్కి శల్యమైంది. జంపక్క హైదరాబాదు పెద్ద దవాఖానాకు ఎత్తుకుపోయింది.

"గుండెల రంధ్రం ఉన్నది. ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువ పోతున్నది," అన్నాడు డాక్టరు. "ఆ రక్తం పోయే నాళానికి పట్టీ బిగించాలె. పిల్ల పెరిగితే అదే ఉరైతది. మళ్లీ ఛాతీ కోస్తే తట్టుకోదు."

"కోయకుండ వదులు చేయరాదా?"

"గసొంటి పట్టీ ఇంకా రాలేదమ్మా. మా పెద్ద డాక్టరొకాయన మీ ఏన్కూరు దిక్కే మేకలకు పెట్టి చూసిండు. తోలు కింద బిళ్ళ తిప్పితే చాలు, బిగుస్తది, వదులైతది. ఎందుకో ఒక్కసారే అంత వదిలేసిండు. ఇప్పుడు ఎక్కడున్నడో ఎవరికీ తెల్వదు."

పిల్ల ఒళ్ళో రొప్పుతోంది.

డాక్టరు నిట్టూర్చాడు.

"ఆఖరిసారి ఖమ్మం నుంచి ఫోన్ చేసినప్పుడు, పట్టీ కుదిరింది, మొదటిది మా మేకలు కాసే ఆమె బిడ్డకే పెడదామన్నడు."