దిష్టిచుక్క పెట్టాల్సిన చోటు

ఆ కాలానికి బండ్లకు డ్రైవర్లు లేరు. టికెట్ నంబరు ఎవరు చెబితే వాళ్ల మాటే వినేవి.

మంజీర ఊటీ టికెట్ చేత్తో పట్టుకుని ఫొటో దిగి ఊరంతటికీ పంచింది. దిష్టి తగలకుండా ఫొటోలో బుగ్గన చుక్క దిద్దుకుంది గానీ, టికెట్ మీది నంబరు కప్పలేదు.

తోడికోడలు భ్రమరాంబ ఆ నంబరును మూడుసార్లు చదువుకుంది. అత్తగారిని చూసుకునే వంతు వచ్చిన ప్రతి వేసవీ మంజీరకు ప్రయాణం తగులుతుంది. పైగా పోయినేడు నలుగురిలో, "అక్కకు ప్రయాణాలు పడవులెండి" అని నవ్వింది కూడా.

శనివారం పొద్దున్నే బండి మంజీరను తెచ్చి భ్రమరాంబ గుమ్మం ముందు ఆగింది. మంజీర కంగారుగా దిగింది.

"ఇదేంటక్కా, మీ ఇంటికి తెచ్చింది?"

"నేనే తెమ్మన్నానే." భ్రమరాంబ మంజీర పెట్టె దింపేసి, తన సంచితో ఎక్కి కూర్చుంది. "అత్తయ్యకు మాత్రలు ఎనిమిదింటికి. చారులో ఉప్పు తగ్గించు."

"అది నా టికెట్టక్కా!"

భ్రమరాంబ నంబరు చెప్పింది. తలుపు మూసుకుంది.

మర్నాడు ఊటీ నుంచి ఫొటో వచ్చింది. భ్రమరాంబ బుగ్గన చుక్క లేదు. చేతిలోని టికెట్ మీద, నంబరు మొత్తం కప్పేస్తూ, నల్లగా నిండుగా ఉంది.